మొదటిసారి సొంత కారులో కేరళ కొండలకు: బండి తయారీ నుంచి ఘాట్ దిగేవరకు

హైదరాబాద్ నుంచో విజయవాడ నుంచో కారులో వయనాడ్, మున్నార్ వెళ్లాలనుకునేవారు ముందుగా అడిగేది "ఎన్ని కిలోమీటర్లు?" అని. కొండల్లో ఆ లెక్క పెద్దగా ఉపయోగపడదు. అడగవలసినవి రెండున్నాయి: కొండ మొదట్లోకి ఎన్ని గంటలకు చేరాలి? అడవి చెక్‌పోస్టు ఎన్ని గంటలకు మూస్తారు? వీటికి జవాబు తెలిస్తే బస, భోజనం, పెట్రోలు, విశ్రాంతి అన్నీ వాటి చుట్టూ అమరిపోతాయి. చీకటి పడేలోపు కారు ఆపి గదికి చేరాలి. ఈ ఒక్క నియమం మీదే కింద రాసినదంతా నిలబడి ఉంది.

మైదానంలో ఏళ్ల తరబడి కారు నడిపి, ఘాట్ రోడ్డు పెద్దగా ఎరగనివారి కోసం ఇది. తిరుమల వెళ్లివచ్చిన అనుభవం కొంత పనికొస్తుంది కానీ అక్కడ ఎక్కే దారి వేరు, దిగే దారి వేరు. కేరళ ఘాట్లలో ప్రతి మలుపు వెనకా ఎదురు బండి ఉండవచ్చు.

1. ముందు కాలం చూడండి, తర్వాత సెలవు పెట్టండి

నైరుతి రుతుపవనాలు మామూలుగా జూన్ మొదట్లో కేరళను తాకి సెప్టెంబరు వరకు కురుస్తాయి. అక్టోబరు, నవంబరు నెలల్లో మధ్యాహ్నం దాటాక ఉరుములతో వానలు వస్తాయి. మొదటి ప్రయాణానికి డిసెంబరు నుంచి ఫిబ్రవరి వరకు అనువైన కాలం.

వానాకాలంలో పచ్చదనం బాగుంటుందన్నది నిజమే. కానీ 2018 ఆగస్టు వరదలు, 2020 ఆగస్టులో మున్నార్ దగ్గరి పెట్టిముడిలో, 2024 జూలై 30న వయనాడ్‌లోని ముండక్కై, చూరల్‌మలలో కొండచరియలు విరిగిపడడం, అన్నీ ఈ నెలల్లో జరిగినవే. ఘాట్ రోడ్డు కొత్త అయినవారు జూలై, ఆగస్టు నెలల్లో ఈ కొండలు ఎక్కవద్దని గట్టిగా చెబుతాను.

ఇంకా చూసుకోవలసినవి:

- క్రిస్మస్ నుంచి కొత్త సంవత్సరం వరకు, ఓణం సెలవుల్లో మున్నార్ ఊరు దాటడానికే గంటలు పడుతుంది.
- నవంబరు మధ్య నుంచి జనవరి మధ్య వరకు శబరిమల సీజన్. కుమిళి (తేక్కడి పక్క ఊరు), ఎరుమేలి, కొట్టాయం దారులు అయ్యప్ప భక్తుల వాహనాలతో కిక్కిరిసి ఉంటాయి. రద్దీ రోజుల్లో పోలీసులు దారి మళ్లిస్తారు కూడా.
- మున్నార్ దగ్గరి ఎరవికుళం జాతీయ ఉద్యానంలో కొండమేకలు ఈనే కాలం కావడంతో సాధారణంగా ఫిబ్రవరి, మార్చి నెలల్లో సందర్శకులను రానివ్వరు.
- కేరళలో హర్తాళ్ (బంద్) అంటే మామూలుగా ఉదయం 6 నుంచి సాయంత్రం 6 వరకు. ముందురోజు వార్తలు చూసుకుని బయలుదేరాలి.

భారత వాతావరణ శాఖ జిల్లాల వారీగా పసుపు, నారింజ, ఎరుపు హెచ్చరికలు ఇస్తుంది. మున్నార్ ఉన్న ఇడుక్కి జిల్లాకో వయనాడ్‌కో ఎరుపు ఉంటే ప్రయాణం వాయిదా వేయండి. నారింజ ఉంటే కింద ఉన్నవారు కిందే, పైన ఉన్నవారు పైనే ఆ రోజు గడపాలి. ఇలాంటి రోజుల్లో కలెక్టర్లు కొండ దారుల్లో రాత్రి ప్రయాణాలు నిషేధిస్తుంటారు.

2. ఒక్క జిల్లా ఎంచుకోండి

వారం సెలవులో వయనాడ్, మున్నార్, తేక్కడి, అలెప్పీ, త్రివేండ్రం అన్నీ చుట్టేయాలనుకోవడం చాలామంది చేసే పొరపాటు. రోజంతా కారులోనే గడిచిపోతుంది. అలసిన మనిషి ఘాట్‌లో బండి నడపకూడదు.

మొదటిసారికి రెండే మార్గాలు సూచిస్తాను.

వయనాడ్: బెంగళూరు, మైసూరు, గుండ్లుపేట మీదుగా 766 నంబరు జాతీయ రహదారిలో సుల్తాన్ బత్తేరికి. ఇటువైపు నుంచి వస్తే మీరు మైసూరు పీఠభూమి మీదే ఉంటారు కాబట్టి పెద్ద ఘాట్ ఎక్కే పని లేదు. తామరశ్శేరి చురం అని పిలిచే 9 హెయిర్‌పిన్ మలుపుల (దాదాపు వెనక్కి తిరిగే మలుపులు) ఘాట్ వయనాడ్ దాటి కోళిక్కోడ్ వైపు దిగేటప్పుడు వస్తుంది. కొత్తవారికి ఇదే తేలిక.

ఇడుక్కి: సేలం, అవినాశి, ఉడుమలైపేట మీదుగా చిన్నార్ అడవి దాటి మరయూర్, మున్నార్. తిరిగి వచ్చేటప్పుడు కుమిళి దగ్గర కంబం వైపు దిగి తేని, దిండిగల్, కరూర్, సేలం. ఇది కొంచెం కష్టమైన దారి. ఇద్దరు డ్రైవర్లు ఉంటేనే పెట్టుకోండి.

3. అడవి గేట్ల వేళలు కాగితం మీద రాసుకోండి

మొదటిసారి వెళ్లేవారి ప్రణాళిక ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. ఫోనులో మ్యాప్ దారి చూపిస్తుంది కానీ గేటు మూసే వేళను ప్రతిసారీ లెక్కలోకి తీసుకోదు.

- గుండ్లుపేట నుంచి ముత్తంగ మీదుగా సుల్తాన్ బత్తేరి (బందీపూర్ అడవి): రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు మూత. ఈ నిషేధం 2009 నుంచి ఉంది.
- గుండ్లుపేట నుంచి తెప్పకాడు మీదుగా గూడలూరు (బందీపూర్, ముదుమలై): ఇక్కడా అవే వేళలు.
- హెచ్‌డీ కోటె నుంచి బావలి మీదుగా మానంతవాడి (నాగరహొళె): సాయంత్రం 6 నుంచి ఉదయం 6 వరకు మూత.
- ఉడుమలైపేట నుంచి చిన్నార్ మీదుగా మరయూర్: సాయంత్రం 6 నుంచి ఉదయం 6 వరకు మూత.
- అతిరప్పిళ్లి, వాళచ్చాల్ నుంచి మలక్కప్పార: పగలు మాత్రమే. చీకటి పడేలోపు అవతలి గేటు దాటాలి కాబట్టి లోపలికి వదలడం సాయంత్రానికి చాలా ముందే ఆపేస్తారు.

గేటు మూసే సమయానికి కనీసం 2 గంటల ముందు అక్కడ ఉండేలా లెక్క వేసుకోండి. ఒక పంక్చరు, ఒక ట్రాఫిక్ జామ్‌కు సరిపడా సమయం అది. గేటు దాటాక అడవిలో ఆగకూడదు, దిగకూడదు, కోతులకు తిండి పెట్టకూడదు. వీటికి అటవీ సిబ్బంది జరిమానా వేస్తారు.

వాతావరణాన్ని బట్టి, జంతువుల సంచారాన్ని బట్టి వేళలు మారవచ్చు. ముందురోజు బస చేసిన హోటల్లో అడిగి నిర్ధారించుకోండి. ఊటీ కూడా కలుపుకోవాలనుకుంటే 2024 మే 7 నుంచి నీలగిరి జిల్లాలోకి వెళ్లే పర్యాటక వాహనాలకు ఈ-పాస్ తప్పనిసరి. కొడైకెనాల్‌కూ అంతే. ఇంట్లో ఉండగానే తీసుకుని ఫోనులో దాచుకోవాలి.

4. బండి తయారీ: పది రోజుల ముందు

సర్వీసింగ్ బయలుదేరే ముందురోజు చేయించవద్దు. పది రోజుల ముందు చేయించి, ఆ తర్వాత వంద కిలోమీటర్లైనా నడపండి. వదులుగా బిగించిన బోల్టు, కారే పైపు ఉంటే మీ ఊళ్లోనే బయటపడుతుంది.

అన్నిటికంటే ముందు బ్రేకులు. ప్యాడ్లు సగానికి మించి అరిగి ఉంటే మార్పించండి. బ్రేక్ ఆయిల్ గురించి ఎవరూ పట్టించుకోరు, ఘాట్‌లో అసలు కీలకం అదే. ఆ ఆయిల్ గాలిలోని తేమను మెల్లగా పీల్చుకుంటుంది. తేమ చేరిన ఆయిల్ తక్కువ వేడికే మరుగుతుంది. మరిగినప్పుడు పైపుల్లో బుడగలు పుడతాయి. అప్పుడు పెడల్ తొక్కితే బుడగలు నలుగుతాయి తప్ప ఒత్తిడి చక్రం దాకా చేరదు. రెండేళ్లు దాటిన ఆయిల్ ఎంత శుభ్రంగా కనిపించినా మార్చేయమని చెప్పండి.

తర్వాత క్లచ్. చదునైన ఖాళీ స్థలంలో హ్యాండ్ బ్రేక్ గట్టిగా లాగి, మూడో గేరు వేసి, క్లచ్‌ను మెల్లగా వదలండి. ఇంజిన్ ఆగిపోతే క్లచ్ బాగున్నట్లు. ఆగకుండా తిరుగుతూనే ఉంటే ప్లేటు అరిగిపోయింది. ఆ క్లచ్‌తో కొండ ఎక్కకూడదు.

మిగిలిన జాబితా:

- టైర్ల గాడి లోతు చట్టప్రకారం కనీసం 1.6 మిల్లీమీటర్లు. తడి ఘాట్‌కు అది చాలదు, 3 మిల్లీమీటర్లైనా ఉండాలి.
- స్టెప్నీలో గాలి, జాకీ, వీల్ స్పానర్. జాకీ ఎక్కడ ఆనించాలో ఇంటి దగ్గరే ఒకసారి చక్రం విప్పి చూసుకోండి.
- కూలెంట్ మట్టం, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు.
- వైపర్ రబ్బర్లు, నీళ్లు చిమ్మే పైపు.
- ముందు, వెనుక దీపాలు, ఇండికేటర్లు, హారన్.
- హ్యాండ్ బ్రేక్: ఏదైనా ఫ్లైఓవర్ ఎక్కే వాలు మీద, రద్దీ లేనప్పుడు, బండి జారకుండా నిలుస్తుందో లేదో.

కారు పైన క్యారియర్ కట్టి సామాను పేర్చవద్దు. బరువు పైకి పోయేకొద్దీ మలుపుల్లో బండి ఊగుతుంది, వెనుక కూర్చున్నవారికి వాంతులు మొదలవుతాయి. బరువైన పెట్టెలను డిక్కీలో అడుగున, సీటుకు ఆనించి పెట్టండి.

5. కాగితాలు

సొంత కారుకు వేరే రాష్ట్రంలోకి వెళ్లడానికి పర్మిట్ అక్కరలేదు. లైసెన్సు, ఆర్సీ, బీమా, పొల్యూషన్ సర్టిఫికెట్ ఉంటే చాలు. డిజీలాకర్‌లో చూపించినా చెల్లుతాయి కానీ కొండల్లో సిగ్నల్ ఉండదు కాబట్టి కాగితాలు కూడా పెట్టుకోండి. బీమా, పొల్యూషన్ గడువు తిరిగి వచ్చే తేదీ దాటి ఉండాలి. ఫాస్టాగ్‌లో రానుపోను టోల్‌కు సరిపడా డబ్బు వేయండి.

కారు అద్దెకు తీసుకునేవారు నంబరు ప్లేటు చూడండి. మీరే నడుపుకునే అద్దె బండికి నల్ల ప్లేటు మీద పసుపు అక్షరాలు ఉండాలి. తెల్ల ప్లేటు బండిని అద్దెకిస్తే అది నిబంధనలకు విరుద్ధం. ప్రమాదం జరిగితే బీమా రాకపోవచ్చు.

కేరళలో 2023 జూన్ నుంచి రోడ్ల మీద కృత్రిమ మేధ కెమెరాలు పనిచేస్తున్నాయి. సీటు బెల్టు లేకపోయినా, నడుపుతూ ఫోను పట్టుకున్నా చలానా నేరుగా బండి యజమాని పేరుకు వస్తుంది.

6. కారులో చేతికందేలా ఉండవలసినవి

- రెండు చెక్క దిమ్మెలు. ఆగినప్పుడు చక్రాల వెనక పెట్టడానికి. రోడ్డు పక్క రాళ్లు కావలసినప్పుడు కనిపించవు.
- టార్చి, మెరిసే త్రికోణం బోర్డు, లాగే తాడు.
- పొడి గుడ్డ, అద్దం లోపలివైపు తుడవడానికి.
- స్టీలు సీసాల్లో నీళ్లు. కొండ ప్రాంతాల్లో ప్లాస్టిక్ సీసాల మీద ఆంక్షలున్నాయి.
- ఇంటర్నెట్ లేకపోయినా పనిచేసేలా దించుకున్న మ్యాప్, బస చేసే చోట్ల ఫోన్ నంబర్లు కాగితం మీద.
- చలి దుస్తులు. డిసెంబరు, జనవరి తెల్లవారుజామున మున్నార్ చుట్టుపక్కల గడ్డి మీద మంచు పేరుకునేంత చలి ఉంటుంది.
- వాంతుల సంచులు, బిస్కట్లు, రోజూ వేసుకునే మందులు. కడుపులో తిప్పకుండా వేసుకునే మాత్రలు మత్తు తెస్తాయి కాబట్టి డ్రైవరు వాటిని ముట్టుకోకూడదు.
- నంబర్లు: అత్యవసర సహాయం 112, అంబులెన్సు 108, జాతీయ రహదారి సహాయం 1033, జిల్లా విపత్తు కేంద్రం 1077.

7. రోజులు ఎలా పంచుకోవాలి

కొండ దారిలో సగటు వేగం గంటకు 25 నుంచి 30 కిలోమీటర్లు అనుకోండి. మున్నార్ నుంచి కుమిళికి సుమారు 90 కిలోమీటర్లే, అయినా 3 నుంచి 4 గంటలు పడుతుంది. రోజంతా కొండ దారిలోనే సాగితే మొత్తం 150 కిలోమీటర్లు దాటకూడదు.

హైదరాబాద్ నుంచి ఇడుక్కికి ఒక నమూనా:

1. మొదటి రోజు కర్నూలు, అనంతపురం మీదుగా దేవనహళ్లి. బెంగళూరు నగరానికి ఇవతలే బస చేయండి.
2. రెండో రోజు తెల్లవారుజామున 5 గంటలకే బయలుదేరి ట్రాఫిక్ మొదలవకముందే బెంగళూరు దాటేయండి. కృష్ణగిరి, సేలం మీదుగా ఉడుమలైపేటలో బస.
3. మూడో రోజు ఉదయం టిఫిన్ ముగించి, ట్యాంకు నింపి, అడవి గేటు. చిన్నార్ అడవి ఆగకుండా దాటి, మరయూర్‌లో ఆగి చూస్తూ మధ్యాహ్నం 3 గంటల్లోపు మున్నార్.
4. నాలుగో రోజు మున్నార్‌లోనే. కారుకు విశ్రాంతి ఇచ్చి, జీపులోనో ఆటోలోనో తిరగండి.
5. ఐదో రోజు దేవికుళం, గ్యాప్ రోడ్డు, పూప్పార మీదుగా కుమిళి. గ్యాప్ రోడ్డులో చరియలు విరిగిపడిన చరిత్ర ఉంది. వాన పడితే మూసేస్తారు కాబట్టి ఉదయమే అడగండి.
6. ఆరో రోజు తేక్కడి. ఏడో రోజు కుమిళి ఘాట్ దిగి తేని, దిండిగల్ మీదుగా సేలం. ఎనిమిదో రోజు బెంగళూరు దాటి అనంతపురం. తొమ్మిదో రోజు ఇల్లు.

విజయవాడ నుంచి వచ్చేవారు మొదటి రాత్రి వెల్లూరులో ఆగి, కృష్ణగిరి దగ్గర ఇదే దారిలో కలవవచ్చు.

ట్యాంకు సగానికి రాగానే నింపడం అలవాటు చేసుకోండి. చిన్నార్ అడవిలో బంకు లేదు.

8. ఎక్కేటప్పుడు

వాలు మొదలవకముందే గేరు తగ్గించండి. ఇంజిన్ గుంజుకుంటూ, బండి వణుకుతున్నప్పుడు తగ్గిస్తే ఆలస్యమైనట్లే. ఎక్కువ భాగం రెండో గేరు, కాస్త చదునైన చోట మూడో గేరు, హెయిర్‌పిన్‌లో అవసరమైతే మొదటి గేరు.

వాలు మీద ఆగి కదలాల్సి వస్తే చాలామంది సగం క్లచ్ మీద బండిని నిలబెడతారు. నిమిషంలో కాలిన వాసన వస్తుంది. సరైన పద్ధతి ఇది: హ్యాండ్ బ్రేక్ లాగండి. మొదటి గేరు వేయండి. యాక్సిలరేటర్ కొంచెం ఇచ్చి క్లచ్ మెల్లగా వదలండి. ఒక క్షణాన బండి ముక్కు కొద్దిగా పైకి లేస్తుంది, ఇంజిన్ శబ్దం బరువెక్కుతుంది, సీటు వెన్ను వైపు నొక్కినట్లు అనిపిస్తుంది. అప్పుడే హ్యాండ్ బ్రేక్ వదలాలి. బండి వెనక్కి అంగుళం కూడా జారదు. బయలుదేరే ముందు వారం మీ ఊళ్లో ఏదైనా వాలు మీద ఇది చెయ్యి తిరిగేవరకు సాధన చేయండి.

వేడి సూచిక పైకి వెళ్తుంటే ఏసీ ఆపండి. ఎర్ర గీత దగ్గరపడితే విశాలమైన చోట ఆగండి. వేడిగా ఉన్న రేడియేటర్ మూత తెరవకూడదు, ఆవిరి ముఖం మీదికి చిమ్ముతుంది.

9. హెయిర్‌పిన్ మలుపు, ఎదురు బస్సు

మలుపుకు ముందు హారన్, ఒకసారి. మలుపులో గోళాకారపు అద్దం పెట్టి ఉంటే అందులో చూడండి. మీ వైపు గీత దాటకండి. బ్రేకు మలుపుకు ముందు వేయాలి, మలుపులో కాదు.

తామరశ్శేరి చురంలో ఆర్టీసీ బస్సు ఎలా తిరుగుతుందో ఒకసారి గమనించండి. ముందు చక్రాలు రోడ్డు బయటి అంచుదాకా పోతాయి, బస్సు ముక్కు గోడ మీదుగా లోయ వైపు వేలాడినట్లు కనిపిస్తుంది, వెనుక చక్రాలు లోపలి రాళ్లను రాసుకుంటూ వస్తాయి. అంటే రోడ్డు వెడల్పంతా దానికే కావాలి. మీరు మలుపులోకి దూరితే ఇద్దరూ ఇరుక్కుంటారు, వెనక వరుస కడుతుంది. పెద్ద బండి కనిపించగానే మలుపుకు రెండు కార్ల దూరం ముందే ఆగి దాన్ని పోనివ్వండి.

ఇరుకు దారిలో ఎక్కే బండికి దిగే బండి దారి ఇవ్వాలి. నిబంధనల్లోనూ అలాగే ఉంది. ఎక్కేవారు ఆగితే మళ్లీ కదలడం కష్టం కాబట్టి. ట్రాఫిక్ ఆగినప్పుడు వరుస తప్పించి కుడివైపుకు చొచ్చుకుపోతే ఘాట్ మొత్తం మూసుకుపోతుంది. సెలవు రోజుల్లో గంటల కొద్దీ జామ్‌లకు ప్రధాన కారణం ఇదే.

10. దిగేటప్పుడు: తొందర పడకుండా చదవండి

ఎక్కడంలో పొరపాటు చేస్తే బండి ఆగుతుంది. దిగడంలో పొరపాటు చేస్తే ఆగదు.

- ఆ వాలు ఎక్కడానికి ఏ గేరు కావాలో, దిగడానికీ అదే గేరు. చాలాచోట్ల రెండోది. ఇంజిన్ గట్టిగా గోల పెడుతుంది, భయపడకండి. బండిని పట్టి ఉంచేది ఆ గోలే.
- బ్రేకు మీద కాలు ఆనించి ఉంచకండి. వేగం పెరిగినప్పుడు గట్టిగా తొక్కి, తగ్గించి, పూర్తిగా వదిలేయండి. ఆ విరామంలో డిస్కులు చల్లారతాయి.
- పెట్రోలు మిగులుతుందని న్యూట్రల్‌లో దించకండి. ఇంజిన్ అసలే ఆపకండి. ఆపితే పవర్ స్టీరింగ్ పోతుంది, రెండు మూడు తొక్కుళ్ల తర్వాత బ్రేకు రాయిలా బిగుసుకుంటుంది.
- ఆటోమేటిక్ బండి అయితే 'డి'లో వదిలేయకుండా 'ఎల్', 'ఎస్' లేదా మాన్యువల్ స్థానంలో తక్కువ గేరు పట్టించండి. మీ బండిలో అది ఎలా మారుతుందో ముందే నేర్చుకోండి.
- విద్యుత్ కారు అయితే కొండపైన బ్యాటరీని పూర్తిగా నింపకండి. నిండిన బ్యాటరీలోకి దిగేటప్పుడు పుట్టే కరెంటు పట్టదు, బండిని నెమ్మదింపజేసే ఆ శక్తి తగ్గిపోతుంది.

కాలిన వాసన వచ్చినా, పెడల్ మెత్తగా లోపలికి పోతున్నట్లున్నా వెంటనే విశాలమైన చోట ఆగండి. గేరులో ఉంచి, చక్రాలకు చెక్క దిమ్మెలు పెట్టి, అరగంట ఆగాలి. చక్రాల మీద నీళ్లు పోయకూడదు, కాగిన డిస్కు వంకర పోతుంది లేదా పగులుతుంది.

బ్రేకు పూర్తిగా పట్టకపోతే వరుస ఇది: పెడల్‌ను గబగబా తొక్కుతూ వదులుతూ ఉండండి, గేరు ఒక్కొక్కటిగా తగ్గించండి, హ్యాండ్ బ్రేక్‌ను కొద్దికొద్దిగా లాగండి, హారన్, హజార్డ్ దీపాలు వేయండి. చివరి మార్గంగా కొండ వైపు మట్టిగట్టుకు బండిని రాసుకుపోనిచ్చి ఆపండి. లోయ వైపు రక్షణ గోడను నమ్ముకోవద్దు.

దిగడం మొదలుపెట్టే ముందు: ఆగి బ్రేకు తొక్కి చూశామా? డిక్కీ సామాను కదలకుండా ఉందా? వెలుతురు ఉండగానే కిందికి చేరతామా? మూడింటికీ అవునంటేనే కదలండి.

11. వాన, పొగమంచు

పొగమంచులో అప్పర్ దీపం వేస్తే తెల్లటి గోడ తప్ప ఏమీ కనిపించదు. డిప్పర్‌లో ఉంచి, ఫాగ్ దీపాలు వేసి, ఎడమ అంచు గీతను పట్టుకుని వెళ్లండి. కదులుతున్నప్పుడు హజార్డ్ దీపాలు వద్దు, మీరు ఎటు తిరుగుతారో వెనకవారికి తెలియదు. అద్దం లోపల మసక కమ్మితే ఏసీ వేసి, గాలిని అద్దం వైపు మళ్లించి, బయటి గాలి లోపలికి వచ్చేలా పెట్టండి.

జోరువానలో కొండ అంచు కింద, వాగు పక్కన ఆగకండి. రోడ్డు మీద బురద నీళ్లు, చిన్న రాళ్లు దొర్లుతూ కనిపిస్తే ముందుకు పోకూడదు. స్థానికులు 'ఉరుళ్‌పొట్టల్' అంటే కొండచరియ విరిగిపడిందనో, పడేలా ఉందనో అర్థం చేసుకుని, వారు చెప్పిన దారిలో వెనక్కి తిరగండి.

12. ఏనుగు ఎదురైతే

ముత్తంగ, చిన్నకనాల్, మున్నార్ నుంచి మరయూర్ వెళ్లే దారిలో ఏనుగులు రోడ్డు మీదికి రావడం మామూలే. దూరంగానే ఆగండి. హారన్ కొట్టకండి, దీపాలు ఆర్పి వెలిగించకండి, ఇంజిన్ రొద పెంచకండి. అది మీ వైపు అడుగులు వేస్తే నెమ్మదిగా రివర్స్‌లో పొండి, కాబట్టి వెనక బండికి అతుక్కుని ఆగకూడదు. పిల్ల ఏనుగు కనిపిస్తే తల్లి దగ్గరలోనే ఉంటుంది, ఇంకా దూరం పాటించాలి. ఫొటో కోసం తలుపు తెరిచి దిగడం మాత్రం ఎవరు అడిగినా, పిల్లలు మారాం చేసినా, ఒప్పుకోకండి.

13. తరచూ జరిగే పొరపాట్లు, సవరణలు

మ్యాప్ దగ్గరి దారి చూపిందని తేయాకు తోటల ఇరుకు రోడ్డులోకి వెళ్లడం: రోడ్డు సన్నబడుతుందనిపించగానే, తిప్పుకోవడానికి చోటున్నప్పుడే వెనక్కి రండి. బస్సు తిరిగే దారిలోనే వెళ్లండి. టీ కొట్టు దగ్గర ఆగి "చేట్టా (అన్నా), మున్నార్?" అని చెయ్యి చూపించినా చాలు, ఓపికగా చెబుతారు.

ఎదురు బండికి దారిస్తూ ఎడమ చక్రాలు తారు అంచు దిగిపోవడం: స్టీరింగ్ ఒక్కసారిగా కుడికి లాగితే బండి ఎగిరి అవతలి పక్కకు పోతుంది. వేగం బాగా తగ్గించి, అంచు తక్కువ ఎత్తున్న చోట మెల్లగా ఎక్కించండి.

గేటు మూసేసే వేళకు చేరడం: బతిమాలి లాభం లేదు. దగ్గరి ఊళ్లో బస చేసి ఉదయం 6 గంటలకు రండి. మైసూరు వైపు నుంచి మానంతవాడికి తప్పక వెళ్లాల్సి వస్తే గోనికొప్పల్, కుట్ట మీదుగా దారి ఉంది. దూరం ఎక్కువే.

వాంతులు: వెనక సీట్లో ఫోను చూస్తున్నవారికే ముందు వస్తాయి. ఫోను పక్కన పెట్టించి, ముందు సీటుకు మార్చి, దూరంగా రోడ్డు వైపు చూడమనండి. ఘాట్‌కు ముందు నూనె వంటకాలు, కడుపునిండా భోజనం వద్దు. ఖాళీ కడుపూ వద్దు.

వాలులో పార్కింగ్: ఎత్తు వైపు ముఖం ఉంటే మొదటి గేరు, దిగువ వైపు ఉంటే రివర్స్ గేరు. చక్రాలను రోడ్డుకు దూరంగా, గట్టు వైపు తిప్పి ఉంచండి. దిమ్మె పెట్టండి. అది తీయడం మరిచిపోకుండా తాళం చెవుల దగ్గర ఒక రిబ్బను కట్టుకోవచ్చు.

14. ఇల్లు చేరాక

వారంలోపు మెకానిక్ దగ్గర బ్రేక్ ప్యాడ్లు, డిస్కులు, చక్రాల అలైన్‌మెంట్ చూపించండి. డిస్కు మీద నీలిరంగు మరకలు కనిపిస్తే బాగా కాగిందని అర్థం. కారు అడుగున రాయి తగిలిన గుర్తులు, ఆయిల్ కారడం ఉన్నాయేమో లిఫ్ట్ మీద చూడమనండి. పరివాహన్ వెబ్‌సైట్‌లో బండి నంబరు కొట్టి, కేరళ, కర్ణాటక, తమిళనాడుల్లో చలానాలేమైనా పడ్డాయేమో నెలపాటు చూస్తూ ఉండండి. అవి వెంటనే రావు.